నూరు సరేలు, ఒక్క వద్దు

అతన్ని అందరూ తాళాలాయన అంటారు. నిజానికి అతని దగ్గర ఒక్క తాళమూ లేదు. ఆఫీసుల్లో పదిమంది కలిసి వాడుకునే కంప్యూటరు ఫైళ్లు దాచే స్టోరేజి పెట్టెలు బాగుచేస్తాడు. పందొమ్మిదేళ్లుగా ఒకటే నియమం: ఫోల్డరు తెరుచుకునేలా చేస్తాడు, లోపల ఏముందో చూడడు. "తలుపు బాగుచేసేవాడికి పడగ్గదితో పనేంటి?" అని నవ్వుతాడు. ఆ నియమం మీద అతనికున్న గర్వం ఇంతా అంతా కాదు.

ఆరోజు మధ్యాహ్నం, పాత భవనాలు పరీక్షించే ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ పిలిచింది. వెళ్లేసరికి ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అన్నీ తెరుచుకుంటున్నాయన్నా. నలభై ఒకటో నంబరు ఫోల్డరొక్కటే అనుమతి లేదంటోంది. నేను రాసిన రిపోర్టే అది!"

వైరు చూశాడు. పెట్టె ఆపి మళ్లీ వేశాడు. పాస్‌వర్డు మార్చాడు. ఊహూ. చివరికి ఎవరెవరికి అనుమతి ఉందో చూపే పట్టిక తెరిచాడు. ఆమె పేరుకు రెండు చోట్ల 'సరే' ఉంది. కింద, ఇంజినీర్లందరికీ కలిపి ఒక 'వద్దు'. ఈ పెట్టెల్లో నూరు సరేలున్నా ఒక్క వద్దుదే గెలుపు. ఈ కిటుకు ఈ ఆఫీసు ఓనరుగారికి నేర్పింది తనే, కిందటేడు, టీ తాగుతూ. అది గుర్తొచ్చి అతని మనసు కీడు శంకించింది.

అద్దాల గదిలోంచి ఓనరుగారు వచ్చి వెనక నిలబడ్డాడు.

"మిగతావి పనిచేస్తున్నాయిగా? దాన్నలా వదిలెయ్యవయ్యా. ఆ భవనంవాళ్లు మనకు కావలసినవాళ్లు. నెమ్మదిగా చూద్దాం."

"నెమ్మదిగానా సార్?" అంది ఇంజినీరమ్మ. "రిపోర్టిచ్చి మూడు వారాలైంది. లోపల రెండు వందలమంది ఉన్నారు. ఆ స్తంభం ఎన్నాళ్లు ఆగుతుంది?"

ఓనరుగారు తేలు కుట్టిన దొంగలా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

తాళాలాయన ఆ 'వద్దు' తీసేశాడు. ఫోల్డరు తెరుచుకుంది. అలవాటుగా తల తిప్పుకోబోయాడు గానీ ఈసారి కళ్లు మాట వినలేదు.

ఫోటోలో ఒక స్తంభం. అడుగు నుంచి పైదాకా పగులు, ఎంతుందో తెలియడానికి అందులో గుచ్చిన పెన్సిలు. పక్కన కుట్టుమిషను, దానిమీద పసుప్పచ్చ గొడుగుగుడ్డ తొడుగు, మూల ఎర్రదారం అతుకు. ఆ గొడుగు తనది. గాలివానకు విరిగిపోతే, గుడ్డ పారెయ్యడం ఎందుకని భార్యే కుట్టుకేంద్రంలోని తన మిషనుకు తొడుగు కుట్టుకుంది.

ఈ ఫోల్డరును కొత్త పెట్టెలోకి మార్చింది కూడా అతనే, రెండు వారాల కిందట, చూడకుండా. మర్నాడు భార్య "కేంద్రంలో పైనుంచి సున్నం రాలుతోందండీ, జుట్టు నిండా దుమ్మే" అంటే, "అయితే నెరిసిందంతా దుమ్మే అనుకుంటారు, తలకు రంగెయ్యక్కర్లేదులే" అని వేళాకోళం చేశాడు. దిక్కుమాలిన నోరు.

ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. కుట్టుకేంద్రంలో అయిదింటిదాకా అందరి ఫోన్లూ బీరువాలో ఉంటాయి. తెలిసీ మళ్లీ చేశాడు. మోగింది.

"ఎక్కడికన్నా?" ఇంజినీరమ్మ వెనకే పరుగెత్తుకొచ్చింది.

"మా ఆవిడ ఆ భవనంలోనే ఉంది. రెండు వీధులేగా," అన్నాడు, అప్పటికే మెట్లు దిగుతూ.

మూడోసారి చేశాడు. ఈసారి మోగలేదు. మీరు కోరిన నంబరు అందుబాటులో లేదంది.