లేని వేలికి తగిలిన జాలి

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నంద్యాలలో మా ఇంట్లో దిష్టి తీయించుకోవడానికి ఒప్పుకోనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఇది చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

2015 ప్రాంతంలో ఆక్లాండ్‌లో చదువు ముగించుకుని ఒక ఫుడ్ ఫ్యాక్టరీలో చేరాను. కడిగిన కూరగాయలు బెల్టు మీద వచ్చి ప్యాకెట్లలోకి వెళ్ళేవి. బెల్టు చివర రెండు రోలర్లు తిరిగేవి. వాటికి అడ్డంగా ఏమీ లేదు. నేను చేరినప్పటి నుంచీ అంతే. ఏదైనా ఇరుక్కుంటే చేత్తో లాగేయమనేవారు. బెల్టు ఆపితే మేనేజరు ముఖం మారిపోయేది.

ఆరో నెలలో ఒక ఉదయం నా ఎడమ చెయ్యి గ్లౌజుతో సహా లోపలికి పోయింది. పక్కన పనిచేసే సీనా పరుగున వచ్చి స్విచ్ కొట్టింది. సీనా సమోవా దీవుల మనిషి. యూనియన్ తరఫున మా మంచిచెడ్డలు చూసేది. ఆస్పత్రిలో చిటికెన వేలు, ఉంగరపు వేలు తీసేశారు. బాగా నలిగిపోయాయి, అతికించడానికి వీల్లేదన్నారు.

వారం తిరక్కుండా మేనేజరు న్యూ లిన్‌లో నేను అద్దెకుండే ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. రోలర్ల మీద ఇనుప జాలి ఎప్పుడూ ఉండేదనీ, దాన్ని నేనే ఎత్తి చెయ్యి పెట్టాననీ అందులో రాసుంది. సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి కొత్త జాలి బిగించి పెట్టారని అంతకుముందే సీనా ఫోన్‌లో చెప్పింది.

ఇంటి ఓనరు ప్రభాకర్ అంకుల్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. "సైన్ పెట్టేయమ్మా. రేపు రెసిడెన్సీ అప్లై చేసేటప్పుడు మళ్ళీ వాళ్ళ లెటరే కావాలి కదా" అన్నారు. నా మంచి కోరే అన్నారు.

నేనూ పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. హాల్లోంచి కిచెన్‌లోకి, అక్కణ్ణుంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాను. తీసేసిన చిటికెన వేలు దేన్నో తాకుతోంది.

చేతికి వ్యాయామాలు నేర్పే థెరపిస్టుకు చెప్పాను. అలా అనిపించడం మామూలేననీ, ఎప్పుడు ఎలా ఉంటే అలా రాసి పెట్టుకోమనీ అంది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి రోజు ఇలా రాశాను: "నొప్పి కాదు. ఇనుప జాలి. ఒక మూల తీగ తెగి గుచ్చుకుంటోంది." మర్నాడు: "తడి గోనె. చాలా చల్లగా ఉంది." ఆ తర్వాత నాలుగు రోజులూ అదే. హీటర్ పక్కన కూర్చుంటే ఉన్న వేళ్ళు వెచ్చబడేవి. లేని వేలు మాత్రం కొంకర్లు పోయేది.

శనివారం మధ్యాహ్నం సీనా వచ్చింది. ఈ దేశంలో తప్పు ఎవరిదైనా సరే, దెబ్బ తగిలిన మనిషికి వైద్యం, కోలుకునేదాకా జీతంలో కొంత భాగం వస్తాయనీ, నాలా వర్క్ వీసా మీదున్నవాళ్ళకూ ఆ హక్కు ఉందనీ ఓపిగ్గా చెప్పింది. నిజం కాని దాని మీద సంతకం అడిగే హక్కు మేనేజరుకు లేదంది.

ఎలాగూ అన్నీ వస్తున్నప్పుడు సంతకం పెడితే మాత్రం ఏం పోతుందని అడిగాను.

"ఇన్‌స్పెక్టర్ వెళ్ళగానే జాలి మళ్ళీ తీసేశారు. ఎల్లుండి సోమవారం నుంచి అక్కడ నన్ను వేశారు" అంది సీనా.

లేచి వెళ్ళి నోట్‌బుక్ తెచ్చి, అందులో ఉన్నది ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఎందుకు వినిపించానో ఇప్పటికీ తెలియదు. సీనా నవ్వలేదు. గోనె సంచులుండేది క్యారెట్లు దాచే పాత కోల్డ్ రూములోనే అని మాత్రం అంది. ప్యాకింగ్ వాళ్ళం అటు వెళ్ళేవాళ్ళం కాదు. నేనా గది తలుపు కూడా చూడలేదు.

సోమవారం పగలు కిచెన్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి ఆ చల్లదనం పోయింది. ఎవరో పట్టుకున్న చెయ్యి వదిలినట్టయింది. గోడ గడియారం చూసి రాశాను: "వదిలింది. పదకొండూ పది."

కాసేపటికి సీనా ఫోటో పంపింది. తడి గోనె సంచులు, వాటి కింద తుప్పు పట్టిన జాలి, ఒక మూల తెగిన తీగ. ఎన్నింటికి సంచులు ఎత్తావని అడిగితే, పదకొండు గంటల టీ బ్రేక్‌లో అంది.

ఆ రోజే తను ఇన్‌స్పెక్టర్‌కు కబురు చేసింది. ఆ పాత జాలి బోల్టు రంధ్రాలు మెషిన్‌కు సరిగ్గా సరిపోయాయి. దాన్ని ఎప్పుడో తీసేశారని ఫ్యాక్టరీలో ఒక్కొక్కరే నోరు విప్పారు. నేను సంతకం పెట్టకుండానే కాగితం తిప్పి పంపాను. కోర్టులో కంపెనీ తప్పు ఒప్పుకుంది. రోలర్ల మీద మూత పెట్టి, అది తెరిస్తే బెల్టు దానంతటదే ఆగిపోయేలా మార్చారు. విచారణ రోజు అంకుల్ పనికి సెలవు పెట్టి నా వెంట వచ్చారు. కోర్టు మెట్లెక్కేటప్పుడు నా బ్యాగు తీసుకుని తను మోశారు.

ఫ్యాక్టరీలో ఎవరో అనుకుంటుంటే విని, మర్చిపోయి ఉంటానని థెరపిస్టు అంది. అయ్యుండవచ్చు. కానీ జాలి ఆ గదిలో ఉందని సీనాకే తెలియదు. తీగ తెగిన సంగతి ఎవరు అనుకుని ఉంటారు?

నా వేళ్ళు ఆస్పత్రిలోనే ఉండిపోయాయి. వాటిని పారేయడానికి ఒప్పుకుంటూ కుడిచేత్తో నేనే ఫారం నింపాను. అవి ఆ గదిలోకి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. మరి ఆ జాలిని అన్ని రోజులు పట్టుకుని ఉన్నదేమిటో నాకు తెలియదు.