మూసిన కిటికీ, సాంబ్రాణి పొగ

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. హైదరాబాద్ పాతబస్తీ యాకుత్‌పురాలో మేము అద్దెకున్న మేడ కింద తరతరాలుగా కిరాణా టోకు వ్యాపారం చేసే ఇంటివాళ్లు ఉండేవారు. వాళ్ల చిన్నకొడుక్కి హెచ్‌ఐవీ. ఇంట్లో అందరికీ తెలుసు, నాకు అతనే చెప్పాడు. అప్పటికే దగ్గు, మెట్లెక్కితే ఆయాసం.

ఇంట్లోవాళ్ల వైద్యం ఏమిటంటే, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి చల్లి, కిటికీలు బిగించడం. పొగ దిష్టికి. కిటికీ మూసేది దగ్గు వీధికి వినబడకుండా.

ఒక సోమవారం పొద్దున ఆగలేక కిందికి దిగాను.

“కిటికీ తీయండమ్మా, ఊపిరాడక చస్తాడు,” అన్నాను తల్లితో.

“తెరిస్తే గల్లీ అంత వింటది సార్. మా ఇజ్జత్ ఏం గావాలె?”

పెద్దకొడుకు గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. “మా తాతల కాడికెల్లి ఏస్తున్నం పొగ. మీ ఆంధ్రోళ్లకు అన్నిట్ల లొల్లే!”

“మీ తాతల ఊపిరితిత్తులకు కాపలా ఉండేది. మీ తమ్ముడికి లేదు.”

గాలితో పాటు క్రిములూ మనందరి లోపలికీ పోతూనే ఉంటాయి. వాటిని పట్టి మింగే కణాలు ఊపిరితిత్తుల్లో ఉంటాయి. ఆ కణాలకు బలమిచ్చే తెల్లకణాలు వేరే ఉన్నాయి. హెచ్‌ఐవీ చంపేది వాటినే. ఆ బలం పోయాక, మింగిన క్రిమిని కూడా చంపడం కష్టం. మనం పీల్చి మరిచిపోయే క్రిమి అతని ఛాతీలో కాపురం పెడుతుంది. ఇందులో దిష్టి ఎక్కడ? పాపం ఎక్కడ? పరీక్షించాల్సిన కఫం ఉంది, వేయాల్సిన మందు ఉంది. పొగ ఆ జబ్బును తగ్గించదు, మిగిలిన కాస్త కాపలానూ దెబ్బతీస్తుంది. ఇదే చెప్పాను, గొంతు పెంచి.

“దేవునికి ఏసే పొగ గూడ విషమేనా?” అన్నాడు పెద్దవాడు.

“దేవుడికి ఊపిరితిత్తులు లేవు!”

అతను చెయ్యెత్తాడు. అంతలో గదిలో చుయ్యిమని చప్పుడు. చిన్నవాడు గోడ పట్టుకుని బయటికొచ్చాడు, చేతిలో ఖాళీ చెంబు. కుంపటి ఆర్పేశాడు.

“ఇజ్జత్ ఇంటిదేమో గని, పీల్చే దమ్ము నాది. దవాఖానకు పోత. ఆటో గల్లీ మొగదల గాదు, ఇంటి ముంగటికే రావాలె. సూసెటోళ్లను సూడనియ్యి అమ్మా.”

ఆటో వచ్చింది. ఎదురింటి అరుగు మీదివాళ్లు లేచి నిలబడ్డారు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, వాళ్ల ముందు నుంచే నడిచి అతను ఎక్కాడు. పక్కన కూర్చోబోయిన నన్ను పెద్దవాడు భుజంతో నెట్టేశాడు.

“జరుగు సార్. వాడు నా తమ్ముడు.” ఎక్కి కూర్చుని డ్రైవర్ని గదిమాడు: “పరదాలు పైకి కట్టు భాయ్, గాలి రావాలె!”