రేకుల కింద మళ్లీ మట్టి

మొన్న ఎండలు ముదరకముందే మా మనవడు మనుషుల్ని పిలిపించి స్లాబు మీద తెల్లటి రంగు వేయించాడు. దానివల్ల ఇంట్లో వేడి తగ్గుతుందట, ఏసీ తక్కువ తిరిగి కరెంటు కూడా ఆదా అవుతుందట. అదేదో తానే కనిపెట్టినట్టు వాడు వివరిస్తుంటే నాకు నవ్వాగలేదు. ఇంటికప్పుకు తెల్లగా పూయడం నా పెళ్లయిన తొలి ఏడాది నుంచే నాకు తెలుసు. అది తెలిసేలోపు ఎంత ఏడ్చానో మాత్రం వాడికి చెప్పలేదు.

నందికొండ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. దేవరకొండ అవతల ఒక ఊళ్లో మా అత్తగారిది మట్టి మిద్దె, ముందు గదిలో గుంట మగ్గం. మట్టి మిద్దెల కింద బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు గాని, వానొస్తే కప్పులోంచి బురదనీళ్లు కారేవి, వాన లేనప్పుడు పొడిమట్టి నెత్తిన రాలేది. కొత్త కోడల్ని, తలంటి పోసుకొచ్చిన కాసేపటికే జుట్టంతా మట్టి. నేను ఒక్క మాట అనకపోయినా మా ఆయన గమనించాడు. ఆ చలికాలంలోనే మిద్దె విప్పించి, మా వాడకట్టులో ఎవరికీ లేని రేకులు తెచ్చి వేయించాడు. "కోడలు నెత్తిమీద మట్టి రాలుతాందని నా కొడుకు ఇల్లే విప్పిండు" అని అత్తమ్మ అందరికీ చెప్పుకొని నవ్వింది. దించిన మట్టిని మాత్రం పారేయనివ్వక పెరట్లో కుప్ప పోయించింది. ఆమె అరిగిన చీపురుకు కూడా ఏదో ఒక పని చెప్పే మనిషి. నేనైతే ఆ రేకుల కింద మహారాణిలా తిరిగాను.

ఎండాకాలం రాగానే గది పెనంలా కాలింది. మనుషులం ఎలాగో ఓర్చుకున్నాం గాని నూలు ఓర్చుకోలేదు. నూలుకు కాస్త చెమ్మ ఉండాలి. ఆ వేడికి మగ్గం మీది పోగులు ఎండి పుటుక్కున తెగేవి, ఆయన ఒకటి అతికేలోపు పక్కది తెగేది. చివరికి ఒక మధ్యాహ్నం మగ్గం గుంటలోంచి లేచి, "నందికొండకు పోత. ఆడ రాళ్లు మోసే పనన్న దొరుకుతది" అన్నాడు. నా సుఖం కోసం వేసిన రేకులే ఆయన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోతున్నాయని వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అత్తమ్మ చూసింది. "ఏడ్సుడెందుకు పిల్లా, మట్టి పెరట్లనే ఉన్నది గద" అని కొంగు బిగించింది. రేకుల కింద జానెడు ఎడం వదిలి వెదురు తడికెలు కట్టించింది. ఆ పాత మట్టినే పేడతో కలిపి, రాలకుండా నున్నగా ముగ్గురం వాటికి మెత్తాం. రేకుల పైన సున్నం పూశాం. గది చల్లబడింది, పోగు నిలిచింది, ఆయన ప్రయాణం ఆగిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు చుట్టుపక్కల ఆడవాళ్లంతా రాట్నాలు తెచ్చుకుని మా గదిలోనే మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లు.

మగ్గం ఆడుతున్నంతసేపు ఆయన ఇంట్లోనే ఉన్నాడని నాకు ధైర్యం. ఆ చప్పుడు ఆగితే చాలు, పొయ్యి మీది కూర వదిలేసి ముందు గదిలోకి తొంగిచూసేదాన్ని.

ఇప్పుడా మగ్గం లేదు, ఆయనా లేడు. ఈ స్లాబు కింద గది మాత్రం చల్లగానే ఉంటుంది. ఎవరైనా వస్తే పలకరిద్దామని తలుపు తీస్తే, "మూసెయ్ నానమ్మా, సల్లదనం పోతది" అంటాడు మనవడు. మూసిన గదిలో ఏసీ ఒక్కటే గుర్రుమంటూ ఉంటుంది. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందంటే మాత్రం, ఆయన నందికొండకు బయలుదేరాడేమోనని ఇప్పటికీ ఉలిక్కిపడి లేచి కూర్చుంటాను.