ఆషాఢంలో ఉప్పాడ బస్సు

పెళ్లయిన ఏడాది ఆషాఢంలో మా ఆవిడ ఉప్పాడలో పుట్టింట్లో ఉంది. ఆ నెల్లాళ్లూ అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఓ మధ్యాహ్నం కాకినాడలో పని వదిలేసి, ఎందుకో బస్సెక్కేశాను. మగ్గాల చప్పుడూ సముద్రపు గాలీ కలిసిన ఆ వీధిలో, గడప ఇవతలే కలలో ఉన్నట్టు నిలబడిపోయాను.

“వెర్రి కాకపోతే ఏంటండి ఇది?” అన్నారు అత్తగారు తలుపు చాటునుంచి. మావగారు తిక్క అన్నారు. పక్కింటి మాస్టారు అరుగు దిగి వచ్చి, “పాతకాలం ఇంగ్లీషులో దీన్ని వేగరీ అంటారు,” అన్నారు.

“ఏడో క్లాసులోనే మానేశానండి, అంతదాకా రాలేదు,” అన్నాను.

వీధిలో పరువు తీశానని మా ఆవిడ అలుగుతుందేమోనని నా భయం. ఆమె కిటికీ దగ్గరకొచ్చి, మెల్లగా అడిగింది.

“మళ్లీ ఎప్పుడు బుద్ధి పుడుతుందండి మీకు?”