చదువొచ్చని చెప్పిన మనిషి

లాండ్రీలో ఆవిణ్ణి అందరూ పంతులమ్మ అనేవాళ్ళు. బడిలో పాఠాలు చెప్పిన మనిషేం కాదు. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రి గలీబులూ ఉతికే పెద్ద షెడ్డులో, ఆవిర్లు కక్కే తొట్ల దగ్గర పని ఆవిడది. కానీ భోజనాల వేళ మిగతా ఆడవాళ్ళు గోడకు చేరగిలబడి ఊసులాడుకుంటుంటే ఆవిడ మాత్రం దర్జాగా పేపరు విప్పేది. ఎక్కడ కనుబొమలు ముడవాలో, ఎక్కడ "ఛీ, ఏం మనుషులో!" అనాలో, ఎంతసేపటికి పేజీ తిప్పాలో ఆవిడకు కొట్టిన పిండి. ఫొటోల్లో మనుషులు తలకిందులుగా లేకుండా చూసుకుంటే చాలు, మిగతాదంతా సాగిపోయేది.

ఆవిడకు ఒక్క ముక్క చదవడం రాదు.

చిన్నప్పుడు బడికి పంపారు గానీ, పలక మీద రాత కుదురుకోకముందే ఇంట్లో తమ్ముడు పుట్టాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాల్సొచ్చింది. వాడు నడక నేర్చేసరికి చెల్లెలు పుట్టింది. ఆ తర్వాత బడి మాట ఎవరికీ గుర్తు రాలేదు. తమ్ముడు చదువుకున్నాడు, చెల్లెలు కూడా కొంత చదివింది. వాళ్ళు గట్టిగా చదువుతుంటే ఈవిడ అంట్లు తోముతూ పాఠాలన్నీ చెవులతోనే పట్టేసింది. పద్యాలైతే వాళ్ళకంటే ముందే నోటికొచ్చాయి. కానీ అవే పద్యాలు కాగితం మీద కనిపిస్తే చీమల బారులాగే ఉండేవి.

లాండ్రీ గేటు దగ్గర సూపర్‌వైజరు "తొట్ల దగ్గరికి చదువొచ్చిన మనిషి కావాలి. నీకొచ్చా?" అని అడిగినప్పుడు, తనకు ముందున్న ఆవిడ రాదని చెప్పి వెనక్కి తిరిగిపోవడం చూసింది. ఇంట్లో పసిపిల్ల. భర్త బస్తాలు మోసి నడుం పట్టేసి పడుకునున్నాడు. "ఏడో తరగతి" అనేసింది. పరీక్ష పెట్టి చూసిన వాళ్ళెవరూ లేరు. ఆ ఒక్క మాటను నిలబెట్టుకోవడానికి ఆమె ఎన్ని పాట్లు పడిందో చెప్తే కథ తెల్లారదు. సంతకం బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకుంది. ఎవరైనా కాగితం ఇస్తే "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానే" అనేది. కళ్ళజోడు ఆవిడ జన్మలో కొనలేదు.

కూతురు పెద్దదయ్యాక పని సుళువైంది. పొద్దున్నే పిల్ల చేతికి పేపరిచ్చి, "గట్టిగా చదవ్వే, నీ నోరు తిరగట్లేదు" అనేది. పిల్ల చదువుతుంటే కూర తరుగుతూ చెవులు అటే పెట్టేది. మధ్యలో "ఆ మాట మళ్ళీ చదువు, మింగేస్తున్నావ్" అని గద్దించేది కూడా. అవే కబుర్లు మధ్యాహ్నం లాండ్రీలో తన సొంతం చేసి చెప్పేది. ఈ వంకతో పిల్లకు చదువు బాగా అబ్బింది. తొమ్మిదో తరగతిలో క్లాసుకంతటికీ తనే ముందు. మా అమ్మ దగ్గర చదవకుండా తప్పించుకోలేం, అని స్నేహితులతో గొప్పగా చెప్పుకునేది.

చిన్నకోడలు, అంటే ఈవిడ మరిది పెళ్ళాం, పక్క గదిలోనే కాపురం. ఇద్దరు చిన్నపిల్లలు. ఆ పిల్లది నవ్వితే వీధి చివరిదాకా వినపడే నోరు. ఏ దాపరికం లేకుండా "నాకు చదువు రాదు బాబూ, మా అక్కకొచ్చు, ఆవిణ్ణడగండి" అనేసేది. పంతులమ్మే మాట్లాడి ఆమెను తన దగ్గర సాయానికి పెట్టించుకుంది. తోటికోడళ్ళిద్దరూ ఒకే తొట్టి దగ్గర, ఒకరు పొడి వేస్తే ఒకరు వేడినీళ్ళు వదిలేవాళ్ళు. సొంత అక్కచెల్లెళ్ళే కొట్టుకునే రోజుల్లో వీళ్ళ పొత్తు చూసి మిగతావాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఆ రోజు కొత్త డబ్బాలు దిగాయి. పాత సబ్బుపొడి డబ్బాల్లాగే నీలం రంగువి. లోపల పొడి తెల్లగానే ఉంది. మీద బొమ్మేమీ లేదు, రాత మాత్రం ఉంది.

"అక్కా, రాత వేరేగా ఉన్నట్టుందే. ఓసారి చూడు" అంది చిన్నకోడలు.

పంతులమ్మ వంగి చూసింది. పక్కన మడతల బల్ల దగ్గర ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. సూపర్‌వైజరును అడుగుదామంటే ఆయన ఆ రోజు సెలవు. ఉన్నా అడిగేది కాదేమో. అక్షరాల వెంట వేలు పోనిచ్చింది, పెదాలు కూడా కదిపింది.

"అదేనే, సబ్బుపొడే. కంపెనీ మార్చారు, అంతే."

"అంతేనా? నేనింకా ఏమిటోననుకున్నా" అని నవ్వి, చిన్నకోడలు పొడి తొట్టిలో ఒంపి, వేడినీళ్ళ గొట్టం తిప్పింది.

అది కాస్టిక్ సోడా. దాని మీద వేడినీళ్ళు పోయకూడదు. సలసల మరిగి ఒక్కసారిగా పైకి లేచింది. తొట్టి మీదికి వంగి ఉన్న మనిషి ముఖం మీదే పడింది. ఆ కేకకు యంత్రాల హోరు కూడా వినపడలేదు. పంతులమ్మ చేతులతోనే తుడవబోయి తన చేతులూ కాల్చుకుంది. ఎవరో నీళ్ళు తెచ్చేసరికి ఆలస్యం అయింది.

చేతులు మానాయి. చిన్నకోడలి కళ్ళు మాత్రం రాలేదు. డాక్టరు మాట నాన్చకుండా చెప్పేశాడు.

కొన్నాళ్ళకు కార్మిక శాఖ ఆఫీసరు విచారణకు వచ్చాడు. లాండ్రీ ఆఫీసు గదిలో కుర్చీలు వేశారు. ఒకవైపు మేనేజరు. ఇంకోవైపు చిన్నకోడలు నల్లద్దాలతో, ఆమె చెయ్యి పట్టుకుని పంతులమ్మ కూతురు. పిన్నిని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా ఇప్పుడు ఆ పిల్లే. గుమ్మం నిండా పనివాళ్ళు.

"మా తప్పేముందండీ" అన్నాడు మేనేజరు. "డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంది. తొట్ల దగ్గర చదువొచ్చిన మనిషినే పెట్టాం."

"అవునండీ, అక్క చదివే చెప్పింది" అంది చిన్నకోడలు గొంతు వచ్చినవైపు తల తిప్పి. ఆ మాటలో నింద లేదు. అక్క చదివిందంటే రాతే తప్పయ్యుంటుందని ఆమె నమ్మకం.

ఆఫీసరు పెద్దమనిషి. డబ్బాను బల్ల మీదికి జరిపి, "అమ్మా, ఆ రోజు మీరేం చదివారో ఒకసారి చదవండి" అన్నాడు మెల్లగా.

అలవాటైన మాటే పంతులమ్మ నోట్లోంచి జారింది.

"కళ్ళజోడు మర్చిపోయానండీ."

"ఫరవాలేదమ్మా. నాది పెట్టుకోండి."

ఆయన కళ్ళజోడు తీసి చేతికిచ్చాడు. పెట్టుకోక తప్పలేదు. చీమల బారులు మరింత పెద్దవయ్యాయి, అంతే. గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. తల ఎత్తితే ఎదురుగా తోటికోడలి నల్లద్దాలు.

కూతురు దూరం నుంచే డబ్బా మీది అక్షరాలు చదివేసింది. తల్లి ముఖం చూసింది. ఆ పిల్లకు అంతా ఒక్కసారి అర్థమైపోయినట్టుంది, చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

"నాకు... చదువు రాదు" అంది పంతులమ్మ.

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు.

మేనేజరు అందుకున్నాడు. "చూశారా! అబద్ధం చెప్పి చేరింది. ఇక మా తప్పెక్కడుంది?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆవిడ చేత చదివించి చూశారా? కొత్త సరుకు వస్తే నోటితో చెప్పే మనిషి లేడా?" అని ఆఫీసరు అడిగాడు. మేనేజరు కిటికీ వైపు చూశాడు. ఆఫీసరు అన్నీ రాసుకుని వెళ్ళాడు. ఆయన రాసింది ఏ బీరువాలో పడిందో, మళ్ళీ ఎవరూ రాలేదు. పంతులమ్మను పనిలోంచి తీసేశారు. చిన్నకోడలికి రావాల్సిన నష్టపరిహారం గురించి మాట్లాడే నాథుడే లేకపోయాడు.

ఇల్లు చేరాక కూతురు ఒక్కటే అడిగింది.

"అయితే అమ్మా, నేను తప్పు చదువుతున్నానని తిట్టినప్పుడు... నీకెలా తెలిసేది?"

తల్లికి తెలిసేది కాదు.

మరిది మాత్రం ఊరుకోలేదు. "రాదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది వదినా? నలుగురూ నవ్వుతారనా?" అని వాకిట్లో నిలబడి అరిచాడు. ఎందుకో ఆవిడకు తెలుసు. నలుగురూ నవ్వుతారని కాదు, నలుగురూ ఇచ్చిన ఆ పేరు పోతుందని. ఆ పేరు తప్ప ఆవిడకు ఇంకేం దక్కలేదు మరి. ఈ మాట మరిదితో ఎలా చెప్తుంది? చెప్తే మాత్రం తోటికోడలి కళ్ళు వస్తాయా? చిన్నకోడలు ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి పక్క గదిలోంచి నవ్వు లేదు, అక్కా అన్న పిలుపు లేదు. ఈవిడ అన్నం పెడితే తినేది. అడుగుల చప్పుడు పట్టి ముఖం గోడవైపు తిప్పుకునేది.

కూతురు పలక తెచ్చి "ఇప్పుడైనా నేర్చుకో అమ్మా" అంది. కూర్చుంది. కొన్ని అక్షరాలు వచ్చాయి కూడా. కానీ ఏ అక్షరం కూడబలుక్కున్నా, ఇది ఆ డబ్బా మీద ఉందేమో, ఇదొక్కటి తెలిసుంటే సరిపోయేదేమో, అన్న ఆలోచన గుండెను పిండేది. ఓ రోజు పలక తీసి మంచం కిందికి తోసేసింది. పిల్ల మళ్ళీ బతిమాలలేదు.

ఎక్కడ పని అడిగినా లాండ్రీ కథ ఆవిడకంటే ముందే వెళ్ళి కూర్చునేది. భర్త నడుం లేవనివ్వదు. రెండిళ్ళ పొయ్యి మరిది ఒక్కడి మీద నడవదు. అంతలో లాండ్రీ వాళ్ళకు కొత్త భయం పట్టుకుంది. తొట్ల దగ్గర చదివి వినిపించగలిగిన వాళ్ళనే తీసుకుంటామన్నారు. ఈసారి నిజంగానే చదివించి చూశారు. పంతులమ్మ కూతురు తడుముకోకుండా, అక్షరం మింగకుండా చదివింది. అక్కడికక్కడే పనిలోకి రమ్మన్నారు.

బడి నుంచి టీచరు వచ్చింది. "ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండమ్మా. ఈ పిల్ల చాలా దూరం వెళ్తుంది" అని కూర్చుని మరీ చెప్పింది. పంతులమ్మ తల ఊపింది, ఊపుతూనే ఉంది. టీచరు వెళ్ళాక తనే కూతురి కాళ్ళ మీద పడ్డంత పని చేసింది. "వద్దే తల్లీ. అడుక్కుతిందాం, నువ్వు మాత్రం బడికే వెళ్ళు."

"పిన్ని పిల్లలు ఏం తింటారమ్మా?" అంది పిల్ల. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. "నేను జాగ్రత్తగా ఉంటాలే. నాకు చదవడం వచ్చుగా."

తెల్లారి పిల్ల జడ బిగించి అల్లుకుని, టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరింది. పంతులమ్మ వాకిట్లో నిలబడిపోయింది. బడికి వెళ్ళే పిల్లలు ఎదురొస్తుంటే కూతురు గోడవారగా తప్పుకుని నడుస్తోంది.

వెనక తలుపు చప్పుడైంది. చిన్నకోడలు గోడ తడుముకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. వెళ్ళిపోతున్న అడుగుల వైపు చెవి పెట్టి ఉంది.

"దాన్నెందుకు పంపావక్కా?" అంది.

విచారణ తర్వాత ఆమె అక్కతో పలికిన మొదటి మాట అది. పంతులమ్మ కూతుర్ని వెనక్కి పిలుద్దామని పరిగెత్తుకుంటూ నాలుగడుగులు వేసింది. అప్పటికే పిల్ల సందు మలుపు తిరిగింది.