కరెంటు లేని తీగ కింద

మా పెదనాన్న రైలు డ్రైవరు. ఆయన బ్రేకు వేస్తే పెట్టెల్లో గ్లాసులోని టీ తొణకదని తోటివాళ్లు ‘తొణకనయ్య’ అని పిలిచేవారు. కొత్తరకం కరెంటు ఇంజన్లు వచ్చినప్పుడు యాభై ఆరేళ్ల వయసులో మళ్లీ తరగతిలో కూర్చుని, పరీక్ష రాసి మరీ వాటిమీదికెక్కాడు.

“నా సవతి క్షేమమేనా?” అని ఇంటికి రాగానే అడిగేది పెద్దమ్మ.

“నీకంటే నయం. చెప్పినమాట వింటుంది.”

రిటైరయ్యేదాకా ఆ ఇంజన్లమీదే ఉండాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక.

ఆ దారిలో ఒకచోట పైతీగలో కొంతమేర కరెంటుండదు. రెండు వైపుల కరెంటూ కలవకుండా అలా వదిలేస్తారు. వచ్చిన ఊపుతోనే బండి అది దాటిపోవాలి. అక్కడ ఆపినవాణ్ణి కొత్త ఇంజన్లమీంచి దించేస్తారు.

ఆ మధ్యాహ్నం సరిగ్గా దానికి ముందు ఒక ముసలామె పట్టాలు దాటుతోంది. హారన్ కొడితే బెదిరి అక్కడే కూలబడింది. పెదనాన్న బ్రేకు వేశాడు. పొలంలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి ఆమెను పక్కకు లాగేశారు. దేవుడి దయ. కానీ బండి మళ్లీ ఊపందుకునేంత దూరం లేదు. నత్తలా పాకి, ఆ తీగ కిందే నిలిచిపోయింది. కరెంటున్న తీగ ముప్పై అడుగుల్లో కనబడుతూనే ఉంది.

జనం దిగారు.

“తోయమంటావా మామా?” అన్నాడొకడు.

“మీ ఊరంతా కలిసి తోసినా కదలదు నాయనా. ఎండలో నిలబడకు.”

ఆయన చొక్కా తడిసిపోవడం చూసి ఒకావిడ మంచినీళ్ల సీసా పైకి అందించింది.

గంటన్నరకి వెనకనుంచి డీజిల్ ఇంజన్ వచ్చింది. దాంట్లోంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. ఒకప్పుడు పెదనాన్న దగ్గరే పని నేర్చుకున్నవాడు.

“ఆ ముసలావిడ ఏది అన్నా?” అనడిగాడు.

“నన్ను నాలుగు తిట్టి వెళ్లిపోయింది.”

“నేనూ చూశాను సార్,” అన్నాడు ఇంజన్లో పెదనాన్న పక్కసీట్లో ఉండే అసిస్టెంటు.

“నేను కాదన్నానా? ఇంజన్ రికార్డులో బ్రేకుంది, ఆవిడ లేదు. ఉన్నా, ఆగింది ఆగిందే. నా చేతుల్లో ఏముందన్నా?”

ఇన్‌స్పెక్టరు ఇంజనెక్కి పెదనాన్న వెనక నిలబడ్డాడు.

డీజిల్ ఇంజన్ వెనకనుంచి తోసింది. కరెంటు తీగ కిందికి రాగానే లోపల దీపాలన్నీ వెలిగాయి. అలవాటుగా పెదనాన్న చెయ్యి మీటమీదికి పోయింది. ఇన్‌స్పెక్టరు ఆ చేతిని మెల్లగా పట్టుకుని, “అటు కూర్చో అన్నా,” అన్నాడు. అసిస్టెంటు తలొంచుకుని తన సీటిచ్చి వెనక నిలబడ్డాడు. డ్రైవరు సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చుని బండి కదిలించాడు.

ముందు సిగ్నల్ కనబడింది. “పచ్చ,” అన్నాడు పెదనాన్న. అసిస్టెంటు సీట్లో కూర్చున్నవాళ్లు సిగ్నల్ రంగు డ్రైవరుకి అలా పైకి చెప్పాలి.