తువ్వాల కింద ఆరో వేలు

నాకొక పత్రిక ఉండేది. నెలకు ఐదు వందల ప్రతులు, బీదరు నుంచి సంగారెడ్డి దాకా చందాదారులు, ఒక్క వారం ఆలస్యమైతే బస్టాండులో గొడవలు. ఈ మాట పెళ్లిళ్లలో, చావుల్లో, బస్సుల్లో పక్క సీటువాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఇప్పుడు అబద్ధాలు మోసే ఓపిక తగ్గింది కాబట్టి దించేస్తున్నాను. నలభై ప్రతులు. అందులో పది మా ఇంటి అటక మీదే ఉండిపోయేవి. అచ్చు కూడా కాదు, సైక్లోస్టైల్. జహీరాబాద్ తహసీలు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని, వచ్చిపోయే జనానికి దరఖాస్తులు రాసి బతికేవాణ్ణి. గిరాకీ లేనప్పుడు స్టెన్సిలు కాగితం మీద నా సొంత రాతలు గీకి, పాత యంత్రం ఒకటి చేత్తో తిప్పి నాలుగు పేజీలు తీసేవాణ్ణి. సిరా ఎప్పుడూ ఆరేది కాదు. చదివినవాళ్ల వేళ్లు నల్లబడేవి. లోకం మీద నా ముద్ర అదొక్కటే.

నాలుగో పేజీలో 'మన ఊరి నిఘంటువు' అని ఒక శీర్షిక. ఎవరూ వాడని మాటలు నేనే పుట్టించి, నేనే అర్థాలు రాసేవాణ్ణి. 'బస్సు నిమిషం' అంటే, "ఐదు నిమిషాల్ల కదుల్తది" అని కండక్టరు చెప్పిన ఐదింటిలో ఒకటి. దాంట్లో ఒక చాయ్, ఒక బీడీ, ఒక కునుకు పడతాయి. ఇలాంటివి. నవ్వింది నేనొక్కణ్ణే.

ఆ నిఘంటువులోకే అల్లం దలాలును ఎక్కించాను.

అల్లం బజారు చూడనివాళ్లకు దాని పద్ధతి చెప్పాలి. హైవే పక్కన రేకుల షెడ్డు. తవ్వకాల కాలంలో రాయికోడ్, కోహీర్ వైపు నుంచి బస్తాలు దిగేవి. అక్కడ ధర నోటితో చెప్పరు. దలాలు తన తువ్వాల రైతు చేతి మీద కప్పి, కింద రైతు వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. నచ్చకపోతే రైతు తిరిగి దలాలు వేళ్లు నొక్కుతాడు. చుట్టూ ఇరవై మంది నిలబడి ఇద్దరి ముఖాలూ చూస్తుంటారు. ముఖాలు మాత్రం గోడల్లా ఉంటాయి. కుదిరితే రైతు "కబూల్" అంటాడు. కుదరకపోతే చెయ్యి లాక్కుంటాడు. అంతే. తువ్వాల కింద జరిగింది ఏదీ బయట చెప్పకూడదు. ధర చెప్పకూడదు, ఎవరు ఎవరిని బతిమాలారో చెప్పకూడదు, ఎవరి చెయ్యి వణికిందో కూడా చెప్పకూడదు. కట్టుకున్న పెళ్లానికైనా సరే.

నేను చెప్పే దలాలుది బీదరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అందరూ సేటు అనేవాళ్లు. ఎర్ర తువ్వాల ఎప్పుడూ కుడిచేతి మీద వేలాడుతుండేది. హోటల్లో కూర్చుని తినేవాడు కాదు. ఎంత పెద్దమనిషి ఎదురైనా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడు కాదు. పొగరు అనుకున్నాను.

ఆయనంటే నాకు మంట. ఎందుకని అడిగినవాళ్లకు, మా నాయన అల్లాన్ని ధర తొక్కి కొన్నాడని చెప్పేవాణ్ణి. శుద్ధ అబద్ధం. అసలు సంగతి ఇది: ఒకసారి నా పత్రిక ఆయన చేతికి ఉచితంగా ఇచ్చాను. ఆయన నా కళ్ల ముందే దాంట్లో విత్తనం అల్లం ముక్కలు పోసి, ఎడమచేత్తో పొట్లం చుట్టాడు.

"జర చదివి కట్టు సేటూ," అన్నాను.

"చదివితె అల్లం ఘాటెక్కుతదా?" అన్నాడు. షెడ్డు షెడ్డంతా నవ్వింది.

ఆ నెలే రాశాను: 'ఆరో వేలు: తువ్వాల కింద మాత్రమే మొలిచే వేలు. రైతు ఐదు లెక్కపెట్టుకుంటుండగా ఇది చల్లగా ధరను కిందికి లాగేస్తుంది. మన అల్లం బజారులో ఎర్ర తువ్వాల గల ఒక్కరికే ఉంది.' రాసి, ఊరు భగ్గుమంటుందని కాచుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ చదవలేదు. ఆ మౌనం పొట్లం కన్నా ఎక్కువ కాల్చింది.

ఏడాది గడిచింది. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక వారపత్రికలో, అందరూ ముందుగా తిప్పి చూసే బొమ్మల కథలో, కూరగాయలవాణ్ణి చూసి ఒకావిడ "వీనికి ఆరో వేలున్నది!" అంది. మిగతా కథకూ ఆ మాటకూ సంబంధం లేదు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, 'అర్థం కాకపోతే జహీరాబాద్ తహసీలు ఆఫీసు ముందు నాలుగు పేజీల పత్రికను అడగండి' అని ఉంది.

ఆ బొమ్మలు వేసేవాడు నా అభిమాని అని ఊరంతా చాటాను. నిజానికి ఆ సంచికను ఆయనకు పోస్టు చేసింది నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఆడవాళ్ల చేతిరాతలో 'ఈ నిఘంటువు చదివి నవ్వలేక చచ్చాను' అని ఉత్తరం కూడా జతచేశాను.

జనం వచ్చారు. అబద్ధం కాదు, నిజంగానే వచ్చారు. కాలేజీ కుర్రాళ్లు వచ్చారు, బొంబాయి పోయే లారీ ఆపి డ్రైవరు వచ్చాడు, పెళ్లికి పోతూ పెట్టెలతో సహా ఒక కుటుంబం దిగింది.

"ఆరో వేలు మీరేనా?"

"ఆ మాట పుట్టించింది నేను. ఇంక శాన మాటలున్నయి, కూసోండ్రి."

"గవన్ని ఒద్దు. గదొక్కటి చెప్పుండ్రి, బస్సు పోతది."

చెప్పేవాణ్ణి. "ఇంతేనా?" అనేవాళ్లు. ఆ "ఇంతేనా" విన్నప్పుడల్లా ఒక్కొక్కణ్ణి యంత్రంలో పెట్టి తిప్పాలనిపించేది. పత్రిక చేతికిస్తే సిరా అంటుతుందని అంచు పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసేవాళ్లు. నేను వాళ్లకు మైలురాయిని. ఆగి చూసి పోవడమే. పోతూ పోతూ అడిగేవాళ్లు, "ఆ ఎర్ర తువ్వాలాయన ఏడుంటడు?"

నేను వేలెత్తి షెడ్డు వైపు చూపించేవాణ్ణి. రాయడం ఒక తప్పయితే ఇది రెండోది, రోజుకు నాలుగైదుసార్లు చేసింది.

షెడ్డుకు ఎదురుగా చాయ్ హోటలుంది. అక్కడ కూర్చుంటే అంతా కనిపించేది, వినిపించేది.

"సేటూ, తువ్వాల తియ్యి జర, చూస్తం!"

"గంత దూరం నుంచి వచ్చినం, ఒక్కసారి చెయ్యి చూపియ్యరాదూ!"

సేటు తియ్యలేదు. తువ్వాలను మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టాడు. "నడువుండ్రి, అల్లం కొనేటోళ్లు తప్ప అందరు నడువుండ్రి," అని కసిరాడు. దాంతో వాళ్లకు ఇంకా ఉత్సాహం.

"ఏం లేకుంటె చూపియ్యొచ్చు గద? ఏదో ఉన్నది!"

ఆయన్ను ఏడిపించినంతవరకు ఆయన పాటు ఆయనది. కానీ ఒకరోజు రాయికోడ్ నుంచి వచ్చిన పెద్దాయన ఎప్పట్లాగే చెయ్యి చాపాడు. తువ్వాల ఇంకా కప్పలేదు. వెనక నుంచి ఒక కుర్రాడు, "తాతా, వేళ్లు లెక్కపెట్టుకోని పెట్టు, తీసినంక మల్ల లెక్కపెట్టుకో!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన సేటును అనుమానించలేదు, నవ్వులపాలవుతానని భయపడ్డాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. బస్తాలు పక్క దలాలు దగ్గరికి పోయాయి. మర్నాడు ఇంకో ఇద్దరివి పోయాయి. ఆ వారం చివరికి సేటు ముందు బస్తా అన్నదే లేదు. ఆయన వ్యాపారమంతా ఒక్కదాని మీద నిలబడింది: రైతు తన చెయ్యి ఆ తువ్వాల కింద పెట్టడం. అది ఆగితే ఆయన జహీరాబాద్‌లో ఉండి చేసేదేమీ లేదు.

నేను బాధపడ్డానని రాయాలని ఉంది. బాధపడలేదు. రెండో చాయ్ తెప్పించుకున్నాను.

ఒక మధ్యాహ్నం, తహసీలు ఆఫీసు ముందు జనం కిటకిటలాడుతుండగా, సేటు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏనప్పా పత్రికాయనా, నీతోని బేరమున్నది."

"నా దగ్గర అల్లం లేదు సేటూ."

"అబద్ధమున్నది గద. అది కొంట. అబద్ధం రాసిన్నని రాయి."

జనం మూగారు. నాకు ఊపొచ్చింది. "ఒకసారి రాసింది కొట్టేసుడు నా పత్రికల లేదు," అన్నాను, నిండు సభలో పద్యం చదివినట్టు.

"చెయ్యి పెట్టు," అన్నాడు.

రైతు కొడుకునే అయినా నేనెప్పుడూ తువ్వాల కింద చెయ్యి పెట్టి ఎరగను. జనం చూస్తున్నారు. పెట్టాను. ఎర్ర తువ్వాల పడింది. ఆయన నా చూపుడువేలు ఒక్కటి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఒక్కటి. ఒక్క వాక్యం రాయమని. ఆయన పట్టు సర్దుకునేటప్పుడు నా అరచేతికి తగిలింది: చిటికెన వేలు ఉండాల్సిన చోట వేలు లేదు. మొదలంటా లేదు. నున్నగా, గట్టిగా ఒక కణుపు. చెరకు గానుగలో చెయ్యి పోయినవాళ్లను మా వైపు చాలామందిని చూశాను. ఆ మొండి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నేను ఆరన్నాను. ఉన్నవి నాలుగు.

ఆయన ముఖం గోడలా ఉంది. నా ముఖం అలా లేదని ఆయన కళ్లలోనే తెలిసింది. చూపించమన్న ప్రతివాడికీ ఎందుకు చూపించలేదో అప్పుడు అర్థమైంది. చూపిస్తే ఆరు పోయి నాలుగు అంటారు, అంతే తేడా. ఇన్నేళ్లుగా ఆ తువ్వాల కింద చెయ్యి పెట్టిన ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు. ఒక్కడూ బయట అనలేదు. నేనే మొదటివాణ్ణి, ఇదిగో ఈ పేజీలో. ఇప్పుడు సేటు లేడు, తువ్వాల బేరాలూ లేవు. అయినా మా నాయన ఉంటే ఈ కాగితం చింపేసేవాడు.

సేటు నా చెవి దగ్గరికి వంగాడు. "కొత్త మాట దొరికింది గద నీ డిక్షనరీకి. రాస్తె రాసుకో." తర్వాత గొంతు పెంచి, "కబూలా?" అన్నాడు.

"కబూల్," అన్నాను.

మొదటి పేజీ నిండా క్షమాపణ వేశానని తర్వాత చాలాకాలం చెప్పుకున్నాను. వేసింది ఒక్క వాక్యం. నాలుగో పేజీ అడుగున, దగ్గుకు మిరియాల కషాయం చిట్కా కింద: 'ఆరో వేలు గురించి రాసినది పూర్తిగా అబద్ధం.' మాట ప్రకారం ఒక్కటే. ఎవరూ చదవలేదు. చదవరని నాకు తెలుసు. పైగా వచ్చేవాళ్లు అడుగుతున్నారని అదే వారం పాత సంచిక ఇరవై ప్రతులు మళ్లీ తిప్పాను. సేటు ముందుకు బస్తాలు మాత్రం రాలేదు.

ఒకరోజు పొద్దున మా నాయన అన్నాడు, "మన అల్లం తవ్వుడయింది. నువ్వే తీస్కపో."

"నాకు బేరం రాదు నాయినా."

"రాకుంటె నేర్చుకో. సేటు దగ్గర్కే పో."

"నాయినా, ఆయన చెయ్యి…"

చాయ్ గ్లాసు టక్కున కింద పెట్టాడు. "తువ్వాల కింద ఏమున్నదో నాకు చెప్తవార? పదిహేనేండ్ల సంది పెడుతున్న చెయ్యి. ఏనాడన్న ఇంట్ల ఒక్క మాట అన్ననా? నువ్వేమొ కషాయం కింద ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటివి."

అంటే మా నాయన నా నాలుగో పేజీ చదివాడు. నలభై మందిలో ఆయనొకడని నేనెప్పుడూ అనుకోలేదు.

బస్తాలు దించేసరికి షెడ్డులో గుసగుసలు. "అగో, రాసినాయనే వచ్చిండు!" చూడవచ్చినవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. రాయికోడ్ పెద్దాయన పక్క దలాలు దగ్గర బస్తా మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. చెయ్యి చాపాను. ఎర్ర తువ్వాల పడింది.

సేటు నొక్కిన ధర విన్నాను, అంటే తాకాను. ఆ ధరకు అల్లం కాదు, అల్లానికి అంటిన మట్టి కూడా రాదు. తిరిగి నొక్కాను. ఆయన మళ్లీ అదే. ఇంకోసారి బతిమాలినట్టు నొక్కాను. మళ్లీ అదే. నా వైపు చూడటం లేదు, జనం వైపు చూస్తున్నాడు. నేను చెయ్యి లాక్కుంటే, రాసినవాడే లాక్కున్నాడని ఆ రోజుతో ఆయన కథ ముగుస్తుంది. నేనలా చెయ్యలేనని ఆయనకు తెలుసు. తెలిసే నొక్కుతున్నాడు.

"కబూల్," అన్నాను.

"ఇనవడలే."

"కబూల్ సేటూ!" అని అరిచాను.

రాయికోడ్ పెద్దాయన లేచాడు. "రాసినోడే పెట్టిండు చెయ్యి. మనకేంది?" అని తన బస్తాను ఎర్ర తువ్వాల వైపు లాగాడు. వెనకనే ఇంకొకడు. వేళ్లు లెక్కపెట్టుకోమని ఎవడో మళ్లీ అనబోయాడు గానీ నవ్వు పుట్టలేదు. నా నిఘంటువులోని ఆ మాట ఒకే ఒక్కసారి నిజమైంది, అదీ నా చేతి మీదే. ధర ఎంతో ఇప్పటికీ చెప్పను.

మా నాయనా అడగలేదు. నేనిచ్చిన నోట్ల మడతను అరచేతిలో ఒకసారి తూచి చూశాడు. "మంచిగ చేసిండు," అని పగలబడి నవ్వాడు.

సేటు ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురైతే ఉమ్మేసి పోయేవాడు. నేనూ పలకరించలేదు. మరుసటి విత్తనాల కాలంలో మా పక్కచేను రైతు సేటు దగ్గర నుంచి మాకూ ఒక పొట్లం విత్తనం అల్లం తెచ్చాడు. చుట్టిన కాగితం నాదే. నాలుగో పేజీ బయటికి తిప్పి, కషాయం చిట్కా లోపలికి మడిచి, అడుగు వాక్యం ఒక్కటే కనిపించేలా కట్టి ఉంది. ఆ నెల సంచికలు ఎక్కడెక్కడివో ఏరించి, దొరికినన్నిటితో కోహీర్ దాకా పోయే పొట్లాలు అలాగే కడుతున్నాడట.

"సేటు నీకొక మాట చెప్పుమన్నడు," అన్నాడు ఆ రైతు, ఎందుకో అర్థంకాక నా ముఖంలోకి చూస్తూ. "ఈసారి చదివే కట్టిండంట."